కరెంటు భూమిలో ఇంకిపోదు, ట్రాన్స్‌ఫార్మర్‌కే తిరిగొస్తుంది: డెల్టాలో షాకులకు, కాలిపోయే మోటార్లకు అసలు లెక్క

గోదావరి డెల్టాలో వానలు మొదలైతే జిల్లా పేజీల్లో ఒకే రకం వార్తలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. రొయ్యల చెరువులో ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే మోటారు యంత్రం) పట్టుకుని ఒకరు, పొలంలో తెగిపడ్డ తీగ తొక్కి ఇంకొకరు, కొబ్బరి మట్టలు నరుకుతూ మరొకరు. 2024 నవంబరులో తూర్పు గోదావరి జిల్లా ఉండ్రాజవరం మండలం తాడిపర్రులో ఫ్లెక్సీ కడుతుండగా కరెంటు తీగలు తగిలి నలుగురు చనిపోయారు. ఇలాంటి ప్రతి ప్రమాదం తర్వాతా రెండు మాటలు వినిపిస్తాయి: ఎర్తు సరిగా లేదని, ఫ్యూజు పోలేదని. రెండూ చాలాసార్లు నిజమే. కానీ ఎర్తు బాగున్న చోట కూడా షాకు ఎందుకు కొడుతుందో, ఫ్యూజు ఎందుకు పోదో ఆ మాటలు చెప్పవు.

క్లుప్తంగా: కరెంటు బయల్దేరిన చోటికే తిరిగి చేరాలి; ఆ తిరుగు దారి లేకపోతే అది పారదు. డెల్టాలో ఆ దారి న్యూట్రల్ తీగ కావచ్చు, తడి మట్టి కావచ్చు, చెరువు నీళ్లు కావచ్చు, మనిషి ఒళ్లు కావచ్చు. ఎంసీబీలు (కరెంటు మోతాదు మించితే వాటంతటవే పడిపోయే స్విచ్చులు), ఫ్యూజులు తీగను కాపాడతాయి. మనిషిని కాపాడేది, వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా వస్తే సరఫరా తెంచే ఆర్‌సీసీబీ. అది కూడా తిరుగు దారి సరిగా అమరిన చోటే పనిచేస్తుంది.

వలయం పూర్తయితేనే ప్రవాహం

ధవళేశ్వరం దగ్గర కాలువలోకి వదిలిన నీళ్లు పొలాల్లో ఇంకుతాయి, మిగిలినవి డ్రెయిన్ల గుండా సముద్రంలో కలుస్తాయి. అవి బ్యారేజీకి తిరిగి రావు. కరెంటును కాలువ నీళ్లతో పోల్చి చెప్పడం మామూలే గానీ, ఆ పోలిక దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. కరెంటు మోటారు దాకా వచ్చి అక్కడ ఖర్చయిపోదు. మోటారులోకి ఎన్ని ఆంపియర్లు వెళ్లాయో అన్నీ బయటికి వస్తాయి. ఖర్చయ్యేది శక్తి మాత్రమే; ఛార్జి మొత్తం వెనక్కి చేరుతుంది.

తీగలో కదిలే ఎలక్ట్రాన్లు బయటినుంచి వచ్చినవి కావు, రాగిలోనో అల్యూమినియంలోనో ముందునుంచీ ఉన్నవే. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 5 ఆంపియర్లు పారుతుంటే, సెకనుకు దాదాపు 3 లక్షల కోట్ల కోట్లు, అంటే ఊహకందని సంఖ్యలో ఎలక్ట్రాన్లు ఒక అడ్డుకోత దాటుతాయి. అయినా ఒక్కో ఎలక్ట్రాన్ సగటు వేగం సెకనుకు పావు మిల్లీమీటరే. పైగా మన సరఫరా ఏసీ, సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపులో ఎలక్ట్రాన్ కదిలేది మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎలక్ట్రాన్ చెరువు దాకా ఎప్పటికీ రాదు. స్విచ్ వేసిన క్షణంలో మోటారు తిరగడానికి కారణం తీగ చుట్టూ పరుచుకునే విద్యుత్ క్షేత్రం. అది కాంతి వేగానికి దగ్గరి వేగంతో వలయమంతా పాకుతుంది, అన్నిచోట్లా ఎలక్ట్రాన్లు ఒకేసారి ఊగడం మొదలవుతుంది.

దారిలో ఒక్కచోట తెగినా మొత్తం ప్రవాహం ఆగుతుంది. అయితే ప్రవాహం ఆగినంత మాత్రాన వోల్టేజి పోదు, దీన్ని చాలామంది పట్టించుకోరు. స్విచ్‌ను ఫేజు బదులు న్యూట్రల్ మీద వేస్తే బల్బు ఆరిపోతుంది గానీ హోల్డర్ లోపలి పిన్ను మీద 230 వోల్టులు అలాగే ఉంటాయి. బల్బు మార్చే చెయ్యి తగిలితే ఆ వలయం చేతిగుండా పూర్తవుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలు, అక్కడే చివర

ఊరి చివర ఉండే ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులను 433కి దించుతుంది. దాని దిగువ వైపు మూడు చుట్టలు ఒక బిందువు దగ్గర కలుస్తాయి. ఆ కలిసే చోటే న్యూట్రల్. దాన్ని అక్కడే భూమిలో పాతిన ఎర్తులకు కలుపుతారు. ఇళ్లకు వచ్చే సింగిల్ ఫేజు కరెంటు ఒక ఫేజు తీగలో వచ్చి న్యూట్రల్‌లో వెనక్కి వెళుతుంది. ఏరియేటర్ లాంటి త్రీఫేజు మోటారుకు న్యూట్రల్ అక్కర్లేదు. మూడు ఫేజుల కరెంట్లూ ఒకదాని తర్వాత ఒకటి ఎగసి పడుతుంటాయి, ఏ క్షణంలో కూడినా మొత్తం సున్నా. ఒక తీగలో వెళ్లేది మిగతా రెండింటిలో తిరిగొస్తుంది.

ఒక ఫేజు పోతే ఏమవుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. తిరుగుతున్న మోటారు వెంటనే ఆగదు, మిగిలిన రెండు తీగలతోనే ఈడుస్తుంది. వాటిలో కరెంటు దాదాపు 1.7 రెట్లవుతుంది, కాసేపట్లో వైండింగ్ కాలిన వాసన వస్తుంది. ఆగి ఉన్న మోటారైతే గుయ్యిమంటుంది తప్ప తిరగదు, ఇంకా తొందరగా కాలుతుంది. స్టార్టర్లో, కరెంటు మించితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే ఉన్నది దీనికోసమే. 2 హెచ్‌పీ మోటారు నేమ్‌ప్లేటు మీద 3.5 ఆంపియర్లని ఉంటే రిలే కూడా అక్కడే ఉండాలి. మాటిమాటికీ పడిపోతోందని దాన్ని 6 దాకా తిప్పేస్తే రిలే ఉన్నా లేనట్టే.

ఫేజు కంటే న్యూట్రల్ తెగడం ఇళ్లకు ప్రమాదం. ఒక ఇంట్లో 1,000 వాట్ల హీటరు, వేరే ఫేజు మీదున్న ఇంకో ఇంట్లో టీవీ, ఫ్యానూ కలిపి 100 వాట్లు నడుస్తున్నాయనుకుందాం. ఈ రెండిళ్లకూ ఉమ్మడి న్యూట్రల్ స్తంభం దగ్గర ఊడింది. తిరుగు దారి లేక రెండిళ్లూ వరసగా 400 వోల్టుల మధ్య ఇరుక్కుంటాయి. హీటరున్న ఇంటికి 36 వోల్టులు, టీవీ ఉన్న ఇంటికి 364 వోల్టులు. ఒక ఇంట్లో లైట్లు మిణుకుమంటుండగా పక్కింట్లో భగ్గుమని వెలిగితే కారణం దాదాపు ఇదే. వెంటనే మెయిన్ దించాలి, తర్వాతే 1912కి ఫోను. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి అల్యూమినియం తీగ రాగితో కలిసిన చోట తెల్లటి పొడి పట్టి కనెక్షన్ వదులవుతుంది. ఆ రెండు లోహాల మధ్య బైమెటల్ లగ్గులు వాడమనేది అందుకే. చేత్తో మెలేసి టేపు చుట్టిన జాయింటు అక్కడ రెండు మూడు వానాకాలాలు నిలిస్తే గొప్ప.

దారి పొడవూ ఒక అడ్డే

వెళ్లే తీగ, వచ్చే తీగ రెండూ వలయంలో భాగమే కాబట్టి వాటి నిరోధానికీ వోల్టేజి ఖర్చవుతుంది. చెరువుల మీద "లో వోల్టేజి" ఫిర్యాదుల్లో కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ తప్పు కావు, కేబుల్ తప్పు. 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ నిరోధం కిలోమీటరుకు 7.41 ఓములు, 2.5 రాగి కేబుల్‌దీ అంతే. ప్యానెల్ నుంచి 300 మీటర్లు లాగితే ఒక్కో తీగకు 2.2 ఓములు. దాని చివర నాలుగు 2 హెచ్‌పీ ఏరియేటర్లు తగిలిస్తే 14 ఆంపియర్లు. లెక్కవేస్తే మొదట్లో ఉన్న 415 వోల్టులు చివరికి 370 దగ్గరికి దిగుతాయి. మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది కనుక అయిదో వంతు బలం పోయినట్టు. అదే కేబుల్ 10 చదరపు మిల్లీమీటర్లదైతే తగ్గేది 20 వోల్టుల లోపే.

జాయింటు దగ్గర వ్యవహారం ఇంకా సూటిగా కనిపిస్తుంది. గట్టు మీద గడ్డిలో పడి ఉన్న ఒక జాయింటు విప్పితే పైన నల్ల టేపు, దానికింద గోధుమరంగుకు తిరిగి పెళుసైన ప్లాస్టిక్కు, లోపల పచ్చటి చిలుము పట్టిన రాగి కనిపిస్తాయి. ఆ జాయింటు నిరోధం అర ఓమే అనుకున్నా 14 ఆంపియర్లకు అక్కడ పుట్టే వేడి 98 వాట్లు. బొటనవేలంత చోటులో 100 వాట్ల బల్బు వెలుగుతున్నంత వేడి. టేపు కరిగేది, నీళ్లు లోపలికి దిగేది అప్పుడే.

ఎర్తు ఉన్నా ఎంసీబీ ఎందుకు పడదు

మోటారు లోపల ఇన్సులేషన్ పోయి ఫేజు తీగ బాడీకి తగిలింది. బాడీకి ఎర్తు ఉంది. కరెంటు భూమిలోకి పోయి అక్కడ మాయమవుతుందన్నది అందరి నమ్మకం. భూమి దేన్నీ మింగదు. ఆ కరెంటు చెరువు దగ్గరి ఎర్తు కడ్డీలోంచి మట్టిలోకి దిగి, మట్టి గుండా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్తుకు చేరి, న్యూట్రల్‌లోకి ఎక్కుతుంది. ఈ వలయంలో రెండు ఎర్తుల నిరోధాలూ వరసగా ఉంటాయి.

డెల్టా ఒండ్రు, రేగడి నేలలు తడిగా ఉన్నప్పుడు కరెంటుకు మంచి దారి. మట్టి నిరోధకత (కరెంటును అడ్డుకునే గుణం) 10 ఓమ్-మీటర్లున్న చోట 2.5 మీటర్ల కడ్డీ పాతితే ఎర్తు నిరోధం సుమారు 4 ఓములు వస్తుంది. కొండ ప్రాంతంలో ఇది దొరకదు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు కూడా 4 ఓములే అనుకుంటే వలయం మొత్తం 8 ఓములు, పారే కరెంటు 29 ఆంపియర్ల లోపు. సి రకం 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. 29 ఆంపియర్లకు అది నిదానంగా వేడెక్కి పడుతుంది, అందుకు నిమిషం పైనే పట్టొచ్చు. అంతసేపూ మోటారు బాడీ మీద 115 వోల్టులు. డెల్టాలో దొరికే మంచి ఎర్తుతోనే పరిస్థితి ఇది.

లంక గ్రామాల ఇసుక మేటల్లో ఎండాకాలం సంగతి వేరు. నిరోధకత 300 ఓమ్-మీటర్లకు చేరితే అదే కడ్డీ నిరోధం 115 ఓములు దాటుతుంది. అప్పుడు పారేది 2 ఆంపియర్లు కూడా ఉండదు, ఎంసీబీ ఎప్పటికీ పడదు, బాడీ మీద 220 వోల్టులు కూర్చుంటాయి. ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోయమనేది ఈ నిరోధం తగ్గించడానికే. అయితే ఉప్పు జీఐ పైపును తినేస్తుంది కూడా. పైకి బాగానే కనిపించే ఎర్తులో క్లాంపు కింద తీగ తెగి ఉండటం తీరప్రాంతంలో కొత్తేమీ కాదు. ఒక్కో ఏరియేటర్ పక్కన ఒక ఇనుప చువ్వ పాతడం కంటే ప్యానెల్ నుంచే కేబుల్లో నాలుగో తీగగా ఎర్తును లాగడం మేలు. మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తు కనెక్షన్లు ఉండాలన్నది నిబంధన కూడా.

ఇంకో అలవాటు ఉంది. న్యూట్రల్ దూరమైందని ఒక్క ఫేజు తీగ లాగి, రెండో తీగను భూమిలో గుచ్చిన చువ్వకు కలిపి లైటో చిన్న మోటారో నడుపుతారు. తడి రేగడిలో ఇది నిజంగానే నడుస్తుంది, చిక్కు కూడా అదే. మట్టి ఆరినకొద్దీ చువ్వ మీద వోల్టేజి పెరుగుతుంది. గేదె ముందుకాళ్లకూ వెనక్కాళ్లకూ మధ్య దూరం మనిషి అడుగు కంటే ఎక్కువ. ఆ మేరకు దాని కాళ్ల మధ్య వోల్టేజి తేడా పెద్దది, కరెంటు దారి గుండె మీదుగా పోతుంది. ఇలాంటి చువ్వల దగ్గర మనుషుల కంటే పశువులే ముందు పడిపోవడానికి కారణం ఇది.

30 మిల్లీ ఆంపియర్ల కాపలా

తడి ఒంటి నిరోధం 1,000 ఓములనుకుంటే 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు పారతాయి. 10 మిల్లీ ఆంపియర్లు దాటితే పట్టు వదలడం కష్టం. అంతకు కొన్ని రెట్లు ఎక్కువైతే ఒకట్రెండు సెకన్లలో గుండె లయ తప్పుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీకి ఇది లెక్కలోకే రాదు.

1845లో జర్మన్ శాస్త్రవేత్త కిర్కాఫ్ చెప్పిన సూత్రం ఒకటుంది: ఒక చోటికి వచ్చే కరెంట్లూ అక్కడినుంచి పోయే కరెంట్లూ సమానం. ఆర్‌సీసీబీ ఆ సూత్రానికి యంత్ర రూపం. మూడు ఫేజులూ న్యూట్రలూ ఒకే అయస్కాంత వలయం గుండా పోతాయి. వెళ్లింది వెళ్లినట్టే తిరిగొస్తే మొత్తం సున్నా. ఎవరి ఒంటిగుండానో, తడి జాయింటుగుండానో కొంత భూమి దారి పడితే లెక్క తేడా వస్తుంది, ఆ తేడా చూసి అది పడిపోతుంది. 30 మిల్లీ ఆంపియర్లని రాసి ఉన్నది 15కీ 30కీ మధ్య ఎక్కడైనా పడొచ్చు.

చెరువు రైతుకు ఇక్కడే తలనొప్పి. ఏరియేటర్లు ఎక్కువ నడిచేది రాత్రిపూట, నీటిలో ఆక్సిజన్ పడిపోయే వేళ. తెల్లవారుజామున ఆర్‌సీసీబీ పడి ఎవరూ చూసుకోకపోతే కొన్ని గంటల్లో పంట మొత్తం పోవచ్చు. అందుకే దాన్ని బైపాస్ చేసేస్తారు. భయం అర్థం చేసుకోదగ్గదే గానీ పరిష్కారం మాత్రం తప్పు. చెరువంతటికీ ఒకటే ఆర్‌సీసీబీ పెడితే అన్ని కేబుళ్ల చిన్న చిన్న లీకేజీలూ కలిసి 15 దాటుతాయి. రెండు మూడు ఏరియేటర్లకు ఒకటి చొప్పున పెట్టి, పడితే మోగే అలారం ఒకటి తగిలిస్తే ఒకచోటి లోపం మిగతావాటిని ఆపదు.

లీకేజీ లేకుండా పడటానికి వైరింగు తప్పు కూడా కారణం కావచ్చు. స్టార్టర్ కాయిల్‌కు ఫేజును ఆర్‌సీసీబీ తర్వాతా, న్యూట్రల్‌ను దానికి ముందూ తీస్తే, కాయిల్ తీసుకునే 20–40 మిల్లీ ఆంపియర్లు తిరుగు లెక్కలోకి రావు. మోటారు బటన్ నొక్కగానే పడుతుంది. ఎలక్ట్రీషియన్ మోటారు మార్చినా పోదు. న్యూట్రల్‌ను సరైన వైపుకు మారిస్తే పోతుంది. రెండు ఆర్‌సీసీబీల న్యూట్రళ్లు దిగువన కలిపినా ఇదే గొడవ.

ఉప్పునీరు, మంచినీరు

నీళ్లలో ఛార్జిని మోసేవి సోడియం, క్లోరైడు లాంటి అయాన్లు. సముద్రపు నీటి నిరోధకత సుమారు 0.2 ఓమ్-మీటర్లు. లీటరుకు 10 గ్రాముల ఉప్పున్న రొయ్యల చెరువుది అర ఓమ్-మీటరు పైన. కాలువ నీళ్లది దాదాపు 30. ఇంతకీ మనిషి ఒళ్లు లోపల ఉప్పునీరే. మంచినీటి చేపల చెరువులో కేబుల్ లీకైతే నీళ్లకంటే అందులో దిగిన మనిషే కరెంటుకు సులువైన దారి అవుతాడు. ఆకివీడు వైపు చేపల చెరువుల్లో ఉప్పు లేదు కాబట్టి భయం లేదనుకోవడం ఈ లెక్కన తలకిందుల ఆలోచన. ఉప్పు చెరువులో కరెంటు నీళ్ల గుండా చెదిరిపోతుంది. అక్కడి ప్రమాదం నడుంలోతు నీళ్లలో నిలబడి ఏరియేటర్ బాడీని పట్టుకున్నప్పుడు. కాళ్ల వైపు దారి అంత చక్కగా ఉంటుంది మరి. రెండు చోట్లా మెయిన్ దించకుండా నీళ్లలో దిగకూడదు.

తెగిపడ్డ తీగ

1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమలో కొబ్బరి చెట్లతో పాటు స్తంభాలనూ పడగొట్టింది. చిన్న గాలివానకు కూడా మట్ట పడి తీగ తెగుతుంది. 11 వేల వోల్టుల తీగకు భూమితో ఉండే వోల్టేజి 6,350. అది నీళ్లు నిలిచిన వరిచేలో పడితే పెద్ద కరెంటు పారి సబ్‌స్టేషన్లో బ్రేకర్ పడుతుంది. పొడి ఇసుక మీదో మట్టల కుప్ప మీదో పడి దారి నిరోధం 200 ఓములుంటే పారేది 32 ఆంపియర్లే. భూమిలోకి పోయే కరెంటును పసిగట్టే ఎర్తు ఫాల్ట్ రిలేను 40 ఆంపియర్లకు పెట్టి ఉంటే దానికి ఏమీ తెలియదు. నేలమీద కదలకుండా పడి ఉన్న తీగ చచ్చినట్టు కనిపించడం ఇందుకే. పది మీటర్ల లోపలికి పోకూడదు. దగ్గర్లో ఉంటే రెండు పాదాలూ కలిపి, నేలను వదలకుండా చిన్నచిన్నగా జరుపుకుంటూ వెనక్కి రావాలి. ఫ్లెక్సీల ఇనుప ఫ్రేములు, మామిడికాయలు కోసే ఇనుప గెడలు, పచ్చి కొబ్బరి మట్టలు ఈ 6,350 వోల్టులకు తెరిచిన తలుపులే; కాలికున్న రబ్బరు చెప్పులు దానికి అడ్డు కావు.

జనరేటర్ వేస్తే తిరుగు దారి మారుతుంది

కరెంటు పోగానే చెరువు మీద డీజిల్ జనరేటర్ వేస్తారు. ఆ క్షణం నుంచి వలయం మొదలూ చివరా ట్రాన్స్‌ఫార్మర్ కాదు, జనరేటర్. లైనూ జనరేటరూ ఒకేసారి కలవకుండా చూసే చేంజోవర్ స్విచ్ లేకుండా నేరుగా తగిలిస్తే ఊరి ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి పనిచేసి 415 వోల్టులను 11 వేలు చేస్తుంది. లైను ఆపేశామని ధైర్యంగా స్తంభమెక్కిన లైన్‌మన్ చేతికి ఆ తీగ తగులుతుంది. న్యూట్రల్‌ను కూడా విడదీసే నాలుగు పోళ్ల చేంజోవర్ పెట్టాలి.

రెండో చిక్కు కంటికి కనిపించదు. జనరేటర్ న్యూట్రల్‌ను ఎర్తు చేయకపోతే, లీకైన కరెంటుకు భూమి గుండా జనరేటర్‌కి చేరే దారే లేదు. మొదటి లోపం నిశ్శబ్దంగా ఉండిపోతుంది. ఎక్కడో ఒక ఫేజు తడి జాయింటు నీళ్లకు తగిలి ఉంటుంది, ఎవరికీ షాకు కొట్టదు, ఆర్‌సీసీబీ పడదు. తర్వాత ఇంకో ఫేజును ఒకరు తాకితే రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు వారి ఒంటిగుండా పోతాయి. ఆ రెండు లోపాలూ ఒకే ఆర్‌సీసీబీ దిగువన ఉంటే, ఒక తీగలో వెళ్లింది ఇంకో తీగలో దాని లోపలినుంచే తిరిగొస్తుంది; లెక్క సరిపోతుంది కాబట్టి అది కదలదు.

టెస్టు బటన్ నొక్కి చూశాం, పడింది అంటారు. ఆ బటన్ ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య లోపలే ఒక చిన్న దారి తెరుస్తుంది, ఎర్తుతో దానికి పనిలేదు. జనరేటర్ మీద నడుస్తున్నప్పుడు దాని న్యూట్రల్ ఎర్తుకు కలిసి ఉందో లేదో మీటరు పెట్టి కొలవాలి. మోటార్లను విడదీసి ఇన్సులేషన్ నిరోధం కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో కేబుళ్ల ఇన్సులేషన్ చూడాలి. ఒక మెగా ఓమ్ కంటే తక్కువ చూపిన కేబుల్‌ను పంట వేసే ముందే మార్చేయాలి.